ఒక్కో బంతి – ఒక్కో తరగతి: సాఫ్ట్‌బాల్ పిచ్చింగ్ పాఠాల చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని పూర్వ విద్యార్థుల సంఘం వారు అడిగారు. మాస్టార్ల గురించి, బడి గంట గురించి, వేపచెట్టు కింద ప్రార్థన గురించి రాసే మిత్రులు చాలామంది ఉన్నారు. నేను ఇదే బడిలో చదివి, తర్వాత జిల్లా పరిషత్ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన వాణ్ణి. నాకు తెలిసింది ఆటస్థలం. అందుకని ఇవాళ మన ఆడపిల్లలు ఆడుతున్న సాఫ్ట్‌బాల్ గురించి, అందులోనూ పిచ్చర్‌కు కొత్త కొత్త బంతులు నేర్పే పద్ధతి ఎలా పుట్టింది, ఎలా మారింది అన్నదాని గురించి రాస్తున్నాను. ఇది ఎక్కడో అమెరికాలో జరిగిన చరిత్రే. కానీ దాని చివరి పేజీ మన గ్రౌండులో, పన్నెండేళ్ల పిల్ల భుజం మీద రాయబడుతోంది. అందుకే మనకు అవసరం.

ఆట తెలియనివారికి నాలుగు మాటలు. సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్‌కు చెల్లెలు. జట్టుకు తొమ్మిది మంది. బంతి వేసే ఆమె పిచ్చర్, కొట్టే ఆమె బ్యాటర్, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ఆమె క్యాచర్. పేరు 'మెత్తని బంతి' అయినా ఇప్పటి బంతి మెత్తన కాదు. చుట్టుకొలత 12 అంగుళాలు; క్రికెట్ బంతి 9 అంగుళాలే. బరువు కూడా క్రికెట్ బంతి కంటే ఎక్కువ. ఆ బంతిని భుజం పైనుంచి విసరకూడదు. చెయ్యి కింది నుంచి వచ్చి తుంటి పక్కన వదలాలి. క్రికెట్‌లోలా బంతి నేల మీద పడి లేవదు, గాలిలోనే బ్యాటర్‌ను చేరాలి. కాబట్టి పిచ్చర్ చేసే మాయ అంతా గాలిలోనే జరగాలి. ఈ ఆటలో వేగంగా బంతి వేసే పద్ధతిని ఫాస్ట్‌పిచ్ అంటారు. నేను చెప్పేది దాని గురించే.

చీపురుకర్రతో మొదలైన ఆట

1887 నవంబరులో, థ్యాంక్స్‌గివింగ్ పండుగ రోజున, షికాగో నగరంలోని ఫరాగట్ బోట్ క్లబ్‌లో కొందరు యువకులు హార్వర్డ్, యేల్ విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ మ్యాచ్ ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఫలితం తెలిశాక ఉత్సాహం పట్టలేక ఒకడు పాత బాక్సింగ్ గ్లౌజును ఇంకొకడి మీదికి విసిరాడు. అతను దాన్ని ఒక కర్రతో కొట్టాడు. అక్కడే ఉన్న జార్జ్ హాంకాక్ అనే పత్రికా రచయిత ఆ గ్లౌజును తాడుతో బంతిలా చుట్టి, గదిలోనే సుద్దముక్కతో గీతలు గీసి, చీపురుకర్రను బ్యాటు చేసి ఆట ఆడించాడు. ఆ మొదటి ఆట 41–40తో ముగిసిందని చెబుతారు. చలికాలంలో గదిలో ఆడుకునే బేస్‌బాల్‌గా అది ప్రచారమైంది. 1895లో మినియాపొలిస్ నగరంలో లూయిస్ రోబర్ అనే అగ్నిమాపక దళ ఉద్యోగి తన సిబ్బందికి వ్యాయామం కోసం ఇలాంటి ఆటనే ఆరుబయట ఆడించాడు. ఊరూరా వేర్వేరు పేర్లతో ఆడుతున్న ఈ ఆటకు 1926లో 'సాఫ్ట్‌బాల్' అనే పేరు సూచించినవాడు డెన్వర్‌కు చెందిన వాల్టర్ హాకాన్సన్. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో పెద్ద టోర్నమెంటు జరిగింది. అదే ఏడాది అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడి, నియమాలు ఒక దారిలోకి వచ్చాయి.

గదిలో ఆడే ఆట కాబట్టి బంతిని కింది చేత్తో వేయమన్నారు. దూరం తక్కువ, గోడలు దగ్గర. మొదట్లో పిచ్చర్ పని బ్యాటర్‌కు బంతి అందించడమే. కానీ ఏ ఆటలోనైనా పోటీ పెరిగితే బంతి ఇచ్చేవాడు బంతి దాచేవాడవుతాడు. పిచ్చర్లు చేతిని వెనక్కి ఎత్తి ఒక్క ఊపున ముందుకు తేవడం నేర్చారు. దానికి 'స్లింగ్‌షాట్' అని పేరు. మన పిల్లలు పంగలకర్రకు రబ్బరు కట్టి లాగి వదిలినట్టు ఉంటుంది. ఇంకొందరు చేతిని భుజం చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిప్పి వదిలారు. దానికి 'విండ్‌మిల్' అని పేరు. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల మీదికి వడిసెల తిప్పినవారిని చూసినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. చుట్టు తిరిగేకొద్దీ వేగం పోగవుతుంది, సరైన చోట వదిలితే గురి కుదురుతుంది, ఒక్క వెంట్రుకవాసి ముందో వెనకో వదిలితే రాయి ఎటో పోతుంది. ఇవాళ ప్రపంచమంతా ఎక్కువగా విండ్‌మిల్ పద్ధతే.

చూసి దొంగిలించిన విద్య

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రెండు మూడు దశాబ్దాలు అమెరికాలో ఫ్యాక్టరీల జట్లు, ఊళ్ల జట్లు ఈ ఆటను ఏలాయి. 1946లో ఎడ్డీ ఫైగ్నర్ అనే పిచ్చర్ కేవలం నలుగురితో 'కింగ్ అండ్ హిజ్ కోర్ట్' అనే జట్టు కట్టి, తొమ్మిది మంది ఉన్న జట్లను ఓడిస్తూ దేశమంతా తిరిగాడు. వీపు వెనకనుంచి, కాళ్ల మధ్యనుంచి, కళ్లకు గంతలు కట్టుకుని కూడా బంతి వేసేవాడు. ఆడవాళ్ల ఆటలో కనెక్టికట్ రాష్ట్రంలో రేబెస్టాస్ అనే బ్రేకుల కంపెనీ పోషించిన 'బ్రేకెట్స్' జట్టు ప్రసిద్ధి. అందులో బర్తా టిక్కీ, జోన్ జాయిస్ అనే ఇద్దరు మహా పిచ్చర్లు. 1961లో వాటర్‌బరీ నగరంలో ఒక ధర్మార్థ ప్రదర్శనలో, బేస్‌బాల్ చరిత్రలోనే గొప్ప బ్యాటర్లలో ఒకడైన టెడ్ విలియమ్స్‌కు జాయిస్ బంతులు వేసింది. అప్పుడామెకు ఇరవై ఏళ్లు. ఒకటి రెండు బంతులు బ్యాటు అంచుకు తాకడం తప్ప ఆయన ఏమీ చేయలేక పక్కకు తప్పుకున్నాడు.

ఈ తరం పిచ్చర్లకు బడి లేదు. పాఠ్యపుస్తకం లేదు. పెద్దవాళ్లు వేస్తుంటే చూడాలి, ఇంటికెళ్లి గోడకేసి కొట్టుకుంటూ సాధన చేయాలి. జట్టులో సీనియర్ దయ కలిగితే ఒక పట్టు చూపిస్తుంది. జాయిస్ పదమూడేళ్ల వయసులోనే బ్రేకెట్స్‌లో చేరింది. కొన్నాళ్లకు టిక్కీ కూడా ఆ జట్టుకే వచ్చింది. అలాంటి పొందు దొరికిన పిల్లకు విద్య అబ్బింది, దొరకని పిల్లకు లేదు. మన దగ్గర కూడా కర్రసాము, కుస్తీ ఇలాగే నడిచాయి కదా. గురువు చివరి పట్టు దాచుకుంటాడన్న మాట ఊరికే పుట్టలేదు.

చట్టం తెచ్చిన మార్పు

1972లో అమెరికా ప్రభుత్వం 'టైటిల్ నైన్' అనే చట్టం చేసింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలు ఆడ, మగ తేడా చూపకూడదన్నది దాని సారం. చట్టంలో ఆటల ప్రస్తావన పెద్దగా లేకపోయినా దాని ఫలం ఆటస్థలాల్లోనే ఎక్కువగా కనబడింది. బడుల్లో, కాలేజీల్లో ఆడపిల్లలకు జట్లు పెట్టవలసి వచ్చింది. 1982లో కాలేజీ క్రీడల జాతీయ సంస్థ మొదటిసారి మహిళల సాఫ్ట్‌బాల్ ఛాంపియన్‌షిప్ నిర్వహించింది. జట్టు పెడితే పిచ్చర్ కావాలి. ఇతర స్థానాలకు చురుకైన పిల్లను ఎవరినైనా నిలబెట్టవచ్చు, పిచ్చర్‌ను మాత్రం తయారుచేయాలి. ఒక్కసారిగా ఊరూరా పిచ్చర్లు కావలసి వచ్చేసరికి, చూసి దొంగిలించే విద్య సరిపోలేదు. నేర్పే విద్య కావలసి వచ్చింది.

అలా పాత క్రీడాకారిణులు కోచ్‌లయ్యారు. శిబిరాలు, పుస్తకాలు, వీడియో క్యాసెట్లు వచ్చాయి. కూతురికి పిచ్చింగ్ నేర్పించడం ఇంటి పనిలో భాగమైంది. సాయంత్రం తండ్రి పెరట్లో బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుని కూతురి బంతులు పట్టుకోవడం అక్కడ ఎంత మామూలంటే, అలాంటి తండ్రులకు 'బకెట్ డాడ్' అని పేరే ఉంది. అక్కడ స్థిరపడ్డ మన తెలుగు తండ్రుల్లో కూడా ఆ బకెట్ ఎక్కినవారు ఉన్నారు.

ఇంతమంది నేర్పడం మొదలుపెట్టాక ఒక ప్రశ్న ముందుకొచ్చింది. ఏ బంతి ముందు, ఏది తర్వాత? ఏ వయసుకు ఏది? అనుభవం మీద దాదాపు అందరూ ఒక వరుసకు వచ్చారు. తెలుగు చదవడం నేర్పేటప్పుడు ఓనమాలు, ఆ తర్వాత గుణింతం, ఆ తర్వాత ఒత్తులు అన్నట్టే ఇదీ ఒక క్రమం. దాన్ని తరగతుల వారీగా చెబుతాను.

మొదటి తరగతి: తిన్నని బంతి

ముందు ఫాస్ట్‌బాల్. నాలుగు వేళ్ల కొసలు కుట్ల మీద ఆనించి, చెయ్యి ఒక చుట్టు తిప్పి, తుంటి దాటేటప్పుడు మణికట్టు విదిలించి వదలాలి. అడుగు సూటిగా పడాలి. బంతి క్యాచర్ గ్లౌజు ఎక్కడుంటే అక్కడికి పోవాలి. చెప్పడానికి ఇంతే, నేర్వడానికి ఏళ్లు పడుతుంది. మొదట రెండు మూడు మీటర్ల దూరంలో మోకాలి మీద కూర్చోబెట్టి మణికట్టు విదిలింపు ఒక్కటే చేయిస్తారు. తర్వాత నిలబెట్టి చేతి చుట్టు. తర్వాత అడుగు. చివరికి దూరం.

దూరం, బంతి రెండూ పిల్లను బట్టి మారాలని నియమాలే చెబుతున్నాయి. అమెరికాలో పదేళ్ల లోపు పిల్లలకు 11 అంగుళాల బంతి, 35 అడుగుల దూరం. పన్నెండేళ్ల లోపు వారికి 12 అంగుళాల బంతి, 40 అడుగులు. పెద్దవాళ్లకు 43 అడుగులు. కాలేజీ ఆడపిల్లలకు కూడా ఒకప్పుడు 40 అడుగులే. 1980ల చివర్లో 43 చేశారు. హైస్కూళ్లలో ఆ మార్పు 2010–11లో వచ్చింది. పిచ్చర్లు మరీ బలపడి బ్యాటర్లు బంతిని తాకలేని స్థితి రావడమే కారణం. పిచ్చింగ్ పాఠాలు ఎంత బాగా సాగాయో చెప్పడానికి ఆ మూడడుగులే సాక్ష్యం.

రెండో తరగతి: ఆలస్యంగా వచ్చే బంతి

ఫాస్ట్‌బాల్ గురి కుదిరాక నేర్పే మొదటి కొత్త బంతి చేంజప్. చెయ్యి అదే వేగంతో తిరుగుతుంది, బంతి మాత్రం నెమ్మదిగా వస్తుంది. బంతిని అరచేతిలోకి లోతుగా పట్టుకోవడం ఒక పద్ధతి. చేతి వెనకభాగం ముందుకు వచ్చేలా తిప్పి వదలడం ఇంకొకటి. ఏదైనా చేతి బలం మొత్తం బంతికి చేరకుండా చేయడమే రహస్యం.

లెక్క వేసి చూడండి. పన్నెండేళ్ల పిల్ల 40 అడుగుల దూరం నుంచి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వేసిందనుకుందాం. అడుగు ముందుకు వేసి వదులుతుంది కాబట్టి బంతి ప్రయాణం సుమారు 10.4 మీటర్లు. అంటే దాదాపు 0.47 సెకను. అదే బంతి గంటకు 60 కిలోమీటర్లతో వస్తే 0.62 సెకను. తేడా 0.15 సెకను. ఆ కాస్తలో బ్యాటు తిరిగిపోతుంది, బంతి ఇంకా దారిలోనే ఉంటుంది.

దీన్ని ముందు నేర్పడానికి కారణం ఉంది. ఈ బంతికి అదనపు బలం అక్కర్లేదు, మోచేతిని మెలిపెట్టనక్కర్లేదు. కావలసిందల్లా మనసు అదుపు. పిల్లలు చేసే పొరపాటు ఒకటే: బంతి నెమ్మదిగా పోవాలని చేతిని కూడా నెమ్మదిగా తిప్పుతారు. బ్యాటర్ అది పసిగడుతుంది. చెయ్యి వేగంగా తిరుగుతూనే బంతి ఆలస్యంగా వెళ్లాలి. ఆ నిబ్బరం వచ్చిన పిల్లకు ఆట తెలిసింది అంటాను నేను.

మూడో తరగతి: కిందికి పడే బంతి

తర్వాతది డ్రాప్. బంతి బ్యాటర్ దగ్గరికి వచ్చి కిందికి వంగుతుంది. ఇక్కడ ప్రకృతి పిచ్చర్ పక్షం. ఏ బంతైనా భూమి ఆకర్షణకు కొంత పడవలసిందే. దానికి ముందుకు దొర్లే తిరుగుడు ఇస్తే ఇంకా వేగంగా పడుతుంది. తిరిగే బంతి గాలిలో పక్కకు వంగుతుందని 1672లోనే న్యూటన్ టెన్నిస్ బంతిని చూసి రాశాడు. 1852లో జర్మనీ శాస్త్రవేత్త మాగ్నస్ దాని కారణాన్ని ప్రయోగాలతో పరిశీలించాడు. అందుకే ఆయన పేరు దానికి నిలిచింది. క్రికెట్‌లో టాప్‌స్పిన్ బంతి అనుకున్నదానికంటే ముందే పడటం మనవాళ్లకు తెలిసిందే. ఇదీ అంతే.

డ్రాప్ వేయడానికి రెండు దారులు. వేళ్లతో బంతిని కింది నుంచి పైకి ఒలిచినట్టు లాగి వదలడం ఒకటి. వదిలేటప్పుడు చేతిని బంతి మీదుగా దొర్లించడం రెండోది. రెండోదానిలో ముంజేయి మెలిక పడుతుంది కాబట్టి చాలామంది కోచ్‌లు చిన్నపిల్లలకు ఒలిచే పద్ధతితో మొదలుపెడతారు. సాధనకు ఖరీదైన సామాను అక్కర్లేదు. పాత బంతికి నల్ల ఇన్సులేషన్ టేపు ఒక పట్టీ చుట్టండి. వేసినప్పుడు పట్టీ నిటారు గీతలా కనబడితే తిరుగుడు సరిగ్గా ఉంది. గీత ఊగులాడితే చెయ్యి పక్కకు జారుతోంది. పిల్లే తన తప్పు తాను చూసుకుంటుంది. మాస్టారు అరవనక్కర్లేదు.

పై తరగతులు: పక్కకు పోయేవి, పైకి లేచేవి

ఆ తర్వాత కర్వ్, స్క్రూబాల్. కుడిచేతి పిచ్చర్ వేసిన కర్వ్ కుడిచేతి బ్యాటర్ నుంచి దూరంగా పోతుంది, స్క్రూబాల్ ఆమె మీదికి వస్తుంది. కర్వ్‌లో బంతి బొంగరంలా నిటారు ఇరుసు మీద తిరగాలి. స్క్రూబాల్‌లో చేతిని బయటి వైపు మెలిపెట్టవలసి వస్తుంది, అందుకే దాన్ని వయసు వచ్చేదాకా వాయిదా వేసే కోచ్‌లు ఎక్కువ.

అన్నిటికంటే చివర రైజ్ బాల్. పిల్లలందరికీ దీని మీదే కన్ను. పిచ్చర్ తలుపు పిడి తిప్పినట్టు చేతిని బంతి అడుగున తిప్పి వెనక్కి తిరిగే తిరుగుడు ఇస్తుంది. బంతి బ్యాటర్ ముందుకొచ్చి పైకి ఎగిరినట్టు కనబడుతుంది. నిజానికి ఆ తిరుగుడు ఇచ్చే ఎత్తుడు బంతి బరువును పూర్తిగా మోయలేదు. తుంటి ఎత్తు నుంచి పైకి వేసిన బంతి, కన్ను ఊహించినంతగా కిందికి రాకపోవడమే ఆ భ్రమకు మూలం. ఆ భ్రమ కలగాలంటే వేగం కావాలి, బలమైన వేళ్లు కావాలి, బంతి పట్టేంత చెయ్యి కావాలి. ఇవేవీ పదేళ్ల పిల్లకు ఉండవు. లేనివాటిని భర్తీ చేయడానికి ఆ పిల్ల వెనక్కి వాలుతుంది, భుజం దించుతుంది, మోచేతిని తిప్పుతుంది. రైజ్ బాల్ రాదు. ఉన్న ఫాస్ట్‌బాల్ చెడుతుంది. గురి తప్పి వరుసగా బ్యాటర్లకు ఉచితంగా బేస్ ఇస్తుంది. జట్టు ఓడుతుంది, పిల్ల ఏడుస్తుంది, వచ్చే ఏడాది గ్రౌండుకు రాదు.

నేను పనిచేసిన ఒక ఊళ్లో ఏడో తరగతి పిల్ల ఉండేది. ఫోన్లో ఎవరో అమెరికా అమ్మాయి వేసిన రైజ్ బాల్ చూసి, "సార్, ఇది ఎప్పుడు నేర్పుతారు?" అని రోజూ అడిగేది. "గ్లౌజు ఎక్కడ పెడితే అక్కడికి పదికి ఎనిమిది వెయ్యమ్మా, అప్పుడు చేంజప్ చెబుతా. రైజ్ సంగతి తొమ్మిదో తరగతిలో చూద్దాం" అన్నాను. వాళ్ల నాన్న కూడా వచ్చి, "ఏంటి మాస్టారూ, పిల్లకు అసలు విద్య దాస్తున్నారా?" అన్నాడు నవ్వుతూనే. ఆయన్ను పక్కన నిలబెట్టి పిల్లచేత 12 అంగుళాల బంతిని రెండు వేళ్లతో పట్టించాను. బంతి జారి కింద పడింది. "ఆ వేళ్లు పెరగనివ్వండి అన్నా" అన్నాను. ఆయనకు అర్థమైంది. ఆ పిల్ల పదో తరగతి దాకా ఫాస్ట్‌బాల్, చేంజప్, డ్రాప్ మూడింటితోనే ఆడింది. జిల్లా జట్టుకు ఆ మూడూ సరిపోయాయి.

మూడు బంతులతో ఎంత దూరం పోవచ్చు?

సరిపోతాయా అన్న అనుమానం ఉన్నవారికి పెద్ద ఆటలోనే ఉదాహరణలున్నాయి. అమెరికాకు చెందిన ఎడమచేతి పిచ్చర్ కాట్ ఆస్టర్‌మన్ వేగానికి పేరుపడిన మనిషి కాదు. డ్రాప్, కర్వ్‌ల తిరుగుడుతోనే 2004 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన జట్టులో నిలిచింది. 2008లో, మళ్లీ టోక్యోలోనూ రజతం అందుకుంది. అదే జట్టులో మోనికా ఆబట్ వేగానికి ప్రసిద్ధి. 2012లో గంటకు 77 మైళ్ల, అంటే దాదాపు 124 కిలోమీటర్ల వేగంతో బంతి వేసి రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. ఇద్దరి దారులు వేరు. ఎవరి చెయ్యి ఏ బంతికి ఒదుగుతుందో కనిపెట్టడమే నేర్పేవాడి పని.

లీసా ఫెర్నాండెజ్ కథ కూడా చెప్పుకోవాలి. చిన్నప్పుడు ఆమె చేతులు పొట్టివని, పదహారేళ్లు దాటాక పిచ్చర్‌గా నిలవలేదని ఒక కోచ్ తేల్చేశాడట. ఆమె సాధన మానలేదు. 1996, 2000, 2004 ఒలింపిక్స్ మూడింటిలోనూ బంగారు పతకం గెలిచిన జట్టులో ఉంది. సిడ్నీలో ఆస్ట్రేలియా మీద ఒక్క ఆటలోనే 25 మందిని ఔట్ చేసింది. వయసు రాని పిల్లకు పెద్ద బంతి నేర్పడం ఎంత తొందరపాటో, ఎదగని చేతిని చూసి భవిష్యత్తు తేల్చడం కూడా అంతే తొందరపాటు.

భుజం లెక్క

చాలాకాలం ఒక నమ్మకం ఉండేది. కింది చేత్తో వేయడం శరీరానికి సహజం కాబట్టి సాఫ్ట్‌బాల్ పిచ్చర్ ఎన్ని బంతులు వేసినా ఏమీ కాదని. అందుకే పిల్లల బేస్‌బాల్‌లో బంతుల మీద పరిమితులు వచ్చినా, సాఫ్ట్‌బాల్ టోర్నమెంట్లలో ఒకే పిల్ల పొద్దుటినుంచి సాయంత్రం దాకా వేస్తూనే ఉండేది. 1990ల చివరి నుంచి ప్రయోగశాలల్లో వేగవంతమైన కెమెరాలతో విండ్‌మిల్ చేతిని కొలిచారు. చెయ్యి కిందికి వచ్చి బంతి వదిలే క్షణంలో భుజం కీలును బయటికి లాగే బలం దాదాపు శరీర బరువుకు దగ్గరగా ఉంటోందని తేలింది. పై చేత్తో విసిరేవారి భుజం మీద పడే భారానికి అది తీసిపోదు. భుజం ముందు భాగంలో, కండరం కీలును పట్టుకునే చోట నొప్పి ఎందుకొస్తుందో అప్పుడు అర్థమైంది.

అక్కడి క్రీడా వైద్యులు సూచించిన ఒక లెక్క మనం కూడా గోడ మీద రాసుకోదగినది. ఒక ఆటలో పదేళ్ల లోపు పిల్లకు 50 బంతులు, పన్నెండేళ్ల లోపు 65, పద్నాలుగేళ్ల లోపు 80, ఆ పైన 100. చిన్నపిల్లలచేత వరుసగా మూడో రోజు వేయించకూడదు. సాధనలో కొత్త బంతి నేర్పేటప్పుడు వేసేవి కూడా బంతులే. భుజానికి ఆట, సాధన అన్న తేడా తెలియదు.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచ్చర్ యుకికో ఉయెనో రెండు రోజుల్లో మూడు ఆటలు ఆడి 413 బంతులు వేసి, అమెరికాను ఫైనల్లో 3–1తో ఓడించింది. పదమూడేళ్ల తర్వాత 2021లో టోక్యోలో, 39 ఏళ్ల వయసులో, మళ్లీ అమెరికా మీదే బంగారు పతకం గెలిచింది. ఆ 413 అంకెను చాలామంది కోచ్‌లు గొప్పగా చెబుతారు. చెప్పవలసిందే. కానీ అది ఏళ్ల తరబడి గట్టిపడిన, ఇరవై ఆరేళ్ల వయసున్న చెయ్యి. దాన్ని ఎనిమిదో తరగతి పిల్లకు ఆదర్శంగా చూపకూడదు.

మన గ్రౌండు సంగతి

మన దేశంలో సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ 1961లో ఏర్పడింది. మొదటి జాతీయ పోటీలు 1967లో జోధ్‌పూర్‌లో జరిగాయి. బడి ఆటల పోటీల్లో చోటు దొరకడంతో ఇది పల్లెల్లోకి కూడా వచ్చింది. మన తెలుగు జిల్లాల్లో అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి క్రీడా శిక్షణ కేంద్రంలో పల్లె పిల్లలకు మిగతా ఆటలతో పాటు సాఫ్ట్‌బాల్ నేర్పుతున్నారు. చాలా బడుల్లో మాత్రం కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ నేర్పే ఒక్క వ్యాయామ ఉపాధ్యాయుడే దీన్నీ నేర్పాలి. పిచ్చింగ్ అంటే ప్రత్యేక విద్య. అది ఆయనకు ఎవరూ నేర్పి ఉండరు. ఇవాళ ఆయనకూ పిల్లకూ ఫోనే గురువు. ఒకప్పుడు దాచిన విద్య ఇప్పుడు ఉచితంగా దొరుకుతోంది. కానీ ఫోను బంతి వేసే తీరు చూపిస్తుంది, ఏ వయసుకు ఏది అన్నది చెప్పదు. ఆ క్రమం చెప్పడానికే మనిషి కావాలి.

దీనికి తోడు ఆశ ఒకటి. పోటీల్లో ఆడిన సర్టిఫికెట్‌కు విలువ ఉంది. కాలేజీ సీటులోనో ఉద్యోగంలోనో క్రీడా కోటా పనికొస్తుందని తల్లిదండ్రులు ఆశపడటంలో తప్పులేదు. అయితే ఆ ఆశ బరువంతా ఒకే పిచ్చర్ భుజం మీద పడుతుంది. జట్టులో బాగా వేసే పిల్ల ఒకతే ఉంటే, మూడు రోజుల టోర్నమెంటులో ప్రతి ఆటా ఆమెచేతే వేయిస్తారు. కప్పు వస్తుంది, ఫోటో వస్తుంది. రెండేళ్ల తర్వాత ఆ పిల్ల చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేకపోతే అది ఏ ఫోటోలోనూ కనబడదు.

కాబట్టి స్వర్ణోత్సవ నిధిలోంచి మన బడి గ్రౌండుకు ఏదైనా చేయాలనుకునే మిత్రులకు నాదొక విన్నపం. షీల్డులు, బ్యానర్లు తర్వాత చూద్దాం. చిన్నపిల్లలకు 11 అంగుళాల బంతులు ఒక డజను కొనండి. పిచ్చర్ నిలబడే చోట 35, 40, 43 అడుగుల దగ్గర మూడు పలకలు పాతించండి. పెద్ద ఖర్చు కాదు, కానీ ఏ పిల్ల ఎక్కడ నిలబడాలో నేలే చెబుతుంది. జట్టుకు ఒక్క పిచ్చర్‌తో సరిపెట్టకుండా ప్రతి ఏడాది ఆరో తరగతి నుంచి కనీసం నలుగురు పిల్లలకు పిచ్చింగ్ మొదలుపెట్టమని ఇప్పటి మాస్టారుకు మన సంఘం తరఫున చెబుదాం. ఒక రెండు వందల పేజీల నోటుబుక్ కొని స్కోరరుకు ఇవ్వండి. ఎవరు ఎన్ని బంతులు వేశారో రోజూ అందులో రాయాలి. హాజరుపట్టీ ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం.

నూట ముప్పై ఏళ్లకు పైగా నడిచిన ఈ ఆట చరిత్రలో కొత్త బంతులు కనిపెట్టినవారికి పేరొచ్చింది. వాటిని సరైన వయసులో, సరైన వరుసలో పిల్లల చేతికి అందించినవారి పేర్లు ఎక్కువగా ఎక్కడా లేవు. వాళ్లలో చాలామంది బడి మాస్టార్లు, మేడమ్‌లు, బకెట్ మీద కూర్చున్న తండ్రులు. మన బడి నుంచి కూడా అలాంటివాళ్లు కొందరు తయారైతే, వజ్రోత్సవ సంచికకు వ్యాసం రాయడానికి మంచి పిచ్చర్ ఒకామె, నొప్పిలేని భుజంతో, తప్పక దొరుకుతుంది.